సంగీతం ఆగిన పది సెకన్లు

బీబీసీలో వచ్చే ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ను ఏళ్ల తరబడి చూస్తున్నాను. 2004లో మొదలైన ఈ పోటీ మన ‘ఢీ’ లాంటిది కాదు. ఇక్కడ బరిలో దిగేది నటులు, క్రీడాకారులు, వార్తలు చదివేవాళ్లు. ఒక్కొక్కరికీ అనుభవమున్న డాన్సర్ ఒకరు జోడీ. నలుగురు జడ్జీలు తలా పదికి మార్కులేస్తారు, ప్రేక్షకులు ఓట్లేస్తారు. దీని మీద నాకు ప్రేమ ఎంతుందో విసుగూ అంతే ఉంది. డాన్సుకు ముందు వేసే వీడియోలో కన్నీళ్లు పిండాలని చూస్తారు. కాళ్లు చూద్దామనుకునేసరికి కెమెరా ముఖం మీదికి పోతుంది. పొగా లైట్లూ మిగతాది మింగేస్తాయి. అయినా ఎందుకు చూస్తావంటే, 2021 నవంబరు 13న రోజ్ ఆయ్లింగ్ ఎల్లిస్, జొవాన్ని పెర్నిచె చేసిన డాన్సు చూపిస్తాను.

రోజ్ అప్పట్లో ‘ఈస్ట్ఎండర్స్’ సీరియల్ నటి. పుట్టుకతోనే వినికిడి లేదు. ఈ పోటీకి వచ్చిన తొలి బధిర పోటీదారు ఆమే. వినికిడి యంత్రాలతో తాళం కొంత అందుతుంది గానీ పాటలోని మాటలు పోల్చుకోలేరు. అందుకే ఆమె ఆధారం అంకెలూ, జోడీ శరీరమూ. రెండు వారాల ముందు వాళ్లు చేసిన టాంగోకు నలభైకి నలభై వచ్చాయి. అప్పటిదాకా ఏ సీజన్‌లోనూ అంత తొందరగా ఎవరికీ పూర్తి మార్కులు రాలేదు. టాంగోలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునే ఉంటారు. అతని బరువు ఏ కాలి మీదికి మారుతోందో ఆమెకు ఒంటితోనే తెలుస్తుంది. ఈసారి ఆ సౌకర్యం తక్కువ. క్లీన్ బ్యాండిట్ వారి ‘సింఫనీ’ పాటకు, విడివిడిగా కదలాల్సిన ఘట్టాలున్న డాన్సు ఎంచుకున్నారు. పట్టు వదిలిన ప్రతిచోటా ఆమె లోపల లెక్క తప్పకూడదు.

మధ్యలో సంగీతం ఆగిపోతుంది. వాళ్లు ఆగరు. దాదాపు పది సెకన్లు నిశ్శబ్దంలోనే అదే వేగంతో సాగి, పాట తిరిగి వచ్చేసరికి సరిగ్గా దాని మీద ఉంటారు.

పనితనం అక్కడుంది. సంగీతం ఆగినచోట భంగిమ పెట్టి నిలబడడం తేలిక, చప్పట్లూ వస్తాయి. వీళ్లు అడుగుల్ని కొనసాగించారు. పాట వినిపిస్తున్నంతసేపూ ఆమె పాటను అనుసరిస్తోందని మనం అనుకుంటాం. ఆ ఆసరా తీసేయగానే కాలప్రమాణం ఆమెలోనే ఉందని కంటికి కనిపిస్తుంది. మొదట్లోనే నిశ్శబ్దం పెట్టి ఉంటే అది ప్రకటనలా ఉండేది. చెవి పాటకు అలవాటు పడ్డాక తీసేశారు కాబట్టే లోటు మనకు తెలిసింది. వినగలిగే లక్షలమందిని ఆమె ఉన్నచోటికి తీసుకెళ్లారు, జాలి కోరకుండా. వీడియోల్లో పిండే కన్నీళ్లకూ దీనికీ పోలికే లేదు. బాఫ్టా టీవీ పురస్కారాల్లో ప్రేక్షకులు ఓటేసి ఎంచుకునే ‘తప్పక చూడాల్సిన ఘట్టం’ గౌరవం 2022లో దీనికే దక్కింది.

అయినా మనసు పూర్తిగా తేలికపడదు. 2024లో, మరో సీజన్‌లో జొవాన్నికి జోడీగా ఉన్న నటి అతని మీద చేసిన ఫిర్యాదుల్లో కొన్నింటిని బీబీసీ సమర్థించి ఆమెకు క్షమాపణ చెప్పింది, కొన్నింటిని ఒప్పుకోలేదు. రిహార్సల్ గదిలో ఎప్పుడూ నిర్మాణ బృందం మనిషి ఉండాలన్న నియమం ఆ ఏడాదే వచ్చింది. అది ఎప్పుడో ఉండాల్సింది. మంచి డాన్సు తయారైందన్నది ఆ గదిలో ఏం జరిగినా సరేననడానికి సాకు కాదు. రోజ్ చేసిన పని విలువ దానివల్ల తగ్గదు కూడా.

2021 డిసెంబరులో ఫైనల్ గెలిచింది రోజ్, జొవాన్నిలే. బ్రిటిష్ సంజ్ఞా భాషకు చట్టబద్ధ గుర్తింపు కోసం సాగిన ఉద్యమంలో ఆమె గొంతు కలిపారు, 2022 ఏప్రిల్‌లో ఆ చట్టం వచ్చింది. ఈ డాన్సు దొరికితే మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి, ఆమె కాళ్లనే చూడండి. పాటతో తర్వాత చూడవచ్చు.