ఫారానికి ఇంత

పోయిన నెలలో ఎంఎస్‌డబ్ల్యూ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. ‘‘సార్, ఎం అండ్ ఈ లైన్ల ఉద్యోగాలు దొరుకుతయా? జీతాలు ఎట్లుంటయి?’’ అని అడిగింది. దాదాపు ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఎం అండ్ ఈ అంటే మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్. ఒక పథకానికి పెట్టిన డబ్బుతో జనానికి నిజంగా ఏం ఒరిగిందో ఊళ్లకు పోయి చూసి, లెక్కతో సహా చెప్పడం మా పని. ఇదేమీ కొత్తగా వచ్చిన వృత్తి కాదు. 1952లోనే ప్రణాళికా సంఘం ఇందుకోసం ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్‌ను పెట్టింది. 2015 నుంచి ఆ బాధ్యత నీతి ఆయోగ్‌లోని డీఎంఈఓ అనే విభాగం చూస్తోంది.

ఉద్యోగాలు ఉన్నాయనే చెప్పాను. 2021 జనవరిలో కంపెనీల సామాజిక బాధ్యతకు సంబంధించిన సీఎస్‌ఆర్ నిబంధనలు మారాయి. ఏటా సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ కింద ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు తమ పెద్ద ప్రాజెక్టుల ఫలితాన్ని బయటి సంస్థతో మదింపు చేయించాలి. కోటి రూపాయలు, ఆపైన ఖర్చుతో పూర్తయి కనీసం ఏడాది గడిచిన ప్రాజెక్టులు అందులోకి వస్తాయి. దాంతో కన్సల్టెన్సీలకు మనుషులు కావాల్సి వచ్చింది. శాంప్లింగ్ తెలిసి, స్టాటా గానీ ఆర్ గానీ, ఇలాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్ నడపగలిగి, ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయగలిగితే మంచి జీతమే ఇస్తారు.

ఆ జీతం ఎంతకాలం ఉంటుందన్నది మాత్రం మన చేతుల్లో లేదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. జూలై వచ్చేసరికి ఆ సాయం అందించే యూఎస్ఎయిడ్ సంస్థ మూతపడింది. ఆ డబ్బుతో నడిచే ప్రాజెక్టులు ఇక్కడా ఆగిపోయాయి. ప్రాజెక్టే లేనప్పుడు మదింపు చేసేవాళ్లకు పనెక్కడిది? ఎన్నో దేశాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం లెక్కలు తీసే డీహెచ్ఎస్ సర్వేలకూ ఆ దెబ్బ తగిలింది. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా కొత్త ఉద్యోగాల వేటలో పడ్డారు.

ఇదంతా చెప్పాక, అసలు సంగతి ఇంకా చెప్పలేదనిపించింది.

2008 ఎండాకాలం. పాలమూరు జిల్లాలో ఉపాధి హామీ మీద సర్వే. అప్పుడు నాది ఇంటింటికీ పోయి ఫారాలు నింపే ఎన్యూమరేటర్ పని, ఫారానికి 40 రూపాయలు. అరుగు మీద ఒక అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. ‘‘పని దొరుకుతుందా అవ్వా?’’ అంటే ‘‘బాగనే దొరుకుతుంది బిడ్డా’’ అంది. ‘‘పైసలు టైముకు వస్తున్నయా?’’ ‘‘వస్తున్నయి.’’ ఐదు నిమిషాల్లో ఫారం నిండింది. లేవబోతూ మంచినీళ్లడిగాను. చెంబు తెచ్చిచ్చి, నా పక్కనే కూర్చుని, ‘‘నువ్వు ఆఫీసోళ్ల మనిషివా?’’ అని అడిగింది. కాదన్నాను. కాసేపు చూసి లోపలికి పోయి, ప్లాస్టిక్ కవరులో దాచిన జాబ్‌కార్డు తెచ్చింది. అందులో 38 రోజుల పని రాసి ఉంది. ‘‘నేనెన్నడు పోయిన పనికి? నా మోకాళ్లు జూడు.’’ చీర కాస్త పైకి జరిపి చూపించింది. రెండూ వాచి ఉన్నాయి. ‘‘మరి ఇందాక బాగనే ఉందంటివి?’’ ‘‘పింఛను తీసేస్తరేమోనని.’’

ఆ ఫారం కొట్టేసి మళ్లీ రాశాను. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ త్వరగా లేవబుద్ధి కాలేదు. ఆ రోజు నాలుగే అయ్యాయి, 160 రూపాయలు వచ్చాయి. ముందురోజు నేను నింపిన పదమూడు ఫారాల మీద నాకు ఈ రోజుకీ నమ్మకం లేదు.

ఇప్పుడు కాగితం పోయి ట్యాబ్ వచ్చింది. లెక్కగట్టే పద్ధతి మాత్రం చాలాచోట్ల అదే. రిపోర్టు రాసేవాళ్లకు నెల జీతం, గడప తొక్కేవాళ్లకు ఫారానికి ఇంత. నిజం దొరికేది గడప దగ్గరే కదా! అక్కడ కూర్చోవడానికి కూలి కట్టివ్వకుండా పైన ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టి ఏం లాభం?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైనప్పుడు కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, సొంతూరు కాకుండా వేరే ఊళ్లకు పంపారు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చివరికి ప్రజా వేదికలో అందరి ముందూ చదివి వినిపించేవాళ్లు. నా దృష్టిలో ఈ దేశంలో జరిగిన గొప్ప మదింపుల్లో అదొకటి. అలాంటి పనికి కూడా తర్వాతి కాలంలో చాలా రాష్ట్రాల్లో నిధులు ఆలస్యమై, నెలల తరబడి జీతాలు అందని పరిస్థితి వచ్చింది.

‘‘ఇంటర్వ్యూలో జీతం గురించి తప్పకుండా అడుగు’’ అన్నాను ఆ అమ్మాయితో. ‘‘దానికంటే ముందు, సర్వే చేసేవాళ్లకు రోజుకు ఎన్ని ఇళ్ల టార్గెట్ పెడతారో అడుగు.’’

మొన్న ఫోన్ చేసింది.

‘‘పదిహేనట సార్.’’