గాలివానలో ఆమె, సినిమాలో పాప

పాలగుమ్మి పద్మరాజు (1915-1983) అనగానే ‘గాలివాన’ గుర్తొస్తుంది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందిన కథ అది. కాకినాడ పి.ఆర్. కళాశాలలో సైన్సు పాఠాలు చెప్పిన ఆయన తర్వాత సినిమా రచయిత అయ్యారు. ఆ కథనీ, తొలినాటి సినిమా ‘బంగారు పాప’నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి నన్ను వదలడం లేదు.

‘గాలివాన’లో రావుగారు నియమాల మనిషి. రైల్లో అడుక్కునే స్త్రీని చూసి ఈసడించుకుంటాడు. తుఫాను రాత్రి స్టేషన్లో వణికిపోతున్న ఆయనకి ఆమె ధైర్యమూ, ఆమె ఒంటి వెచ్చదనమే దిక్కవుతాయి. ఆమె ఆయన పర్సు కొట్టేస్తుంది కూడా. తెల్లారాక ఆమె శవం దగ్గర పర్సు కనిపించినా ఆయన దాన్ని తిరిగి తీసుకోలేకపోతాడు. దొంగతనం, దయ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. రచయిత ఆమెచేత క్షమాపణ చెప్పించలేదు, ఆమెకు సంజాయిషీ కల్పించలేదు. మన కథల్లో బీద స్త్రీకి ఇంత స్వేచ్ఛ దొరకడం అరుదు.

1955లో వచ్చిన ‘బంగారు పాప’కు బి.ఎన్.రెడ్డి దర్శకుడు. ఆధారం ‘సైలస్ మార్నర్’ (1861). జార్జ్ ఇలియట్ అనే మగపేరుతో మేరీ ఆన్ ఇవాన్స్ రాసిన నవల. ఎస్.వి.రంగారావు వేసిన కోటయ్య కరకు మనిషి. దిక్కులేని పసిపిల్లను పెంచుతూ మెత్తబడతాడు.

రెండుచోట్లా మగవాణ్ణి మార్చేది ఆడప్రాణమే. అయితే ఆకలీ, శరీరమూ, తప్పూ ఉన్న ఆ స్త్రీ స్థానంలో తెరమీద నిష్కళంకమైన పాప ఉంది. ఈ ఎంపికను పద్మరాజు ఒక్కరికే అంటగట్టడం అన్యాయం. కథ ఇలియట్‌ది, సినిమా బి.ఎన్.రెడ్డిది. అయినా పర్సు కొట్టేసి కూడా ప్రేమకు అర్హురాలిగా మిగిలే స్త్రీని ఆనాటి తెర భరించగలిగేదా?

తప్పంతా సినిమామీదికి తోసేయడానికీ లేదు. ‘గాలివాన’లోనూ ఆమెకు పేరు లేదు. ఆమె చావు చివరికి రావుగారికి పాఠమయింది. చిన్నప్పుడు చదివినపుడు నేనూ ఆయనలో వచ్చిన మార్పునే చూశాను. ఆ రాత్రి ఆమెకు ఎలా గడిచిందో అడగాలని తోచనే లేదు. ఇప్పుడు మాత్రం ఆ కథ తెరిస్తే ముందు ఆమెనే వెతుక్కుంటున్నాను.