ముందు నడిచిన ముబారక్

మా వీధి మొగలో ఈ వారం కొత్త ఫ్లెక్సీ వెలిసింది. కార్పొరేటర్ గారు చేతులు జోడించి ముందు నడుస్తుంటే, ఆయన మొహం ఎన్నడూ చూసి ఉండని ఢిల్లీ పెద్దలు వెనకాల వస్తున్నారు. ఒక్కొక్కరి మీద ఒక్కో దిక్కు నుంచి ఎండ పడుతోంది. నవ్వుకుని దాటిపోయేవాణ్ణే, కానీ ఈజిప్టు సర్కారు పత్రిక అల్ అహ్రామ్ గుర్తొచ్చింది.

2010 సెప్టెంబరులో పాలస్తీనా చర్చలకని ఐదుగురు నేతలు వైట్‌హౌస్‌లో ఎర్ర తివాచీ మీద నడిచారు. అసలు ఫొటోలో ఒబామా ముందున్నాడు, ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ ఓ పక్కగా వెనకబడ్డాడు. కైరోలో అల్ అహ్రామ్ వేసిన ఫొటోలో మాత్రం ముబారక్ అందరికంటే ముందు. ఒబామా, నెతన్యాహూ, అబ్బాస్, జోర్డాన్ రాజు ఆయన వెంట. ఒక బ్లాగరు అసలు సంగతి బయటపెట్టేసరికి లోకం నవ్వింది. ఎడిటర్ ఒసామా సరాయా తొణకలేదు. పాలస్తీనా విషయంలో ముబారక్ పాత్ర ఎంత పెద్దదో చెప్పే భావచిత్రం అన్నాడు! ఐదు నెలలు తిరక్కుండా ముబారక్ గద్దె దిగాడు. మర్నాడు, 2011 ఫిబ్రవరి 12న, ప్రజలు ఆ పాలనను కూల్చేశారని అదే పత్రిక పతాక శీర్షిక పెట్టింది.

సర్కారు చేతిలో పత్రిక ఉండకూడదన్నది నా పాత పాట. ఈ కాలమ్ చదివేవాళ్లకి కంఠతా వచ్చేసి ఉంటుంది. లెబనాన్ నుంచి వచ్చిన సలీం, బిషారా తక్లా అనే అన్నదమ్ములు అలెగ్జాండ్రియాలో పెట్టిన పత్రిక అల్ అహ్రామ్. మొదటి సంచిక 1876 ఆగస్టు 5న వచ్చింది, వారపత్రికగా. 1881లో దినపత్రికై, ఆ తర్వాత కైరో చేరింది. 1960 మేలో అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం మిగతా పెద్ద పత్రికలతో పాటు దీన్నీ జాతీయం చేసింది. సొంతదారు ఉన్నంతకాలం స్వేచ్ఛ, సర్కారు వచ్చాక భజన అని రాసేసి ఇక్కడితో చేతులు దులుపుకోవచ్చు.

నవలాకారుడు నజీబ్ మహఫూజ్ దులుపుకోనివ్వడు. ప్రవక్తల కథలను కైరో గల్లీ మనుషులకు ముడిపెట్టి ఆయన రాసిన ‘అవ్లాద్ హారత్‌నా’ 1959 చివర్లో అల్ అహ్రామ్‌లో సీరియల్‌గా వచ్చింది. అల్ అజహర్ మతపెద్దలు మండిపడ్డారు. ఎడిటర్ హైకల్ ఆపలేదు, చివరి భాగం దాకా వేశాడు. అంత ధైర్యం ఎక్కడిదంటే, ఆయన నాసర్‌కి ఆప్తుడు. శుక్రవారం ఆయన రాసే కాలమ్‌ని రేడియోలో చదివేవారు. నాసర్ మనసులో ఏముందో తెలుసుకోవడానికి అరబ్బు రాజధానులు దానికోసం కాచుకునేవి. (కాలమిస్టుగా కాస్త అసూయ నాకు.) పత్రిక అప్పటికింకా తక్లాలదే. అయినా నవలకి అండగా నిలబడింది సొంతదారు కాదు, గద్దెతో ఎడిటర్‌కున్న చనువు. ఆ నవల 1967లో బీరుట్‌లో పుస్తకమైంది. ఈజిప్టులో కావడానికి 2006 దాకా పట్టింది. మధ్యలో, 1994లో, దాని మీద కోపంతోనే ఒకడు ముసలి మహఫూజ్ మెడలో కత్తి దించాడు.

హైకల్ మహానుభావుడని నేననను. 1967 యుద్ధంలో ఈజిప్టు చిత్తుగా ఓడితే దానికి ‘ఎదురుదెబ్బ’ అని మెత్తని పేరు పెట్టిన కలం ఆయనదే. కానీ ఆ మరుసటి ఏడు తెరిచిన కొత్త భవనంలో ఆరో అంతస్తు రచయితలకిచ్చాడు: తౌఫీక్ అల్ హకీం, యూసుఫ్ ఇద్రీస్, ఉద్యోగ విరమణ తర్వాత మహఫూజ్. సర్కారు పత్రిక జీతాలిచ్చి కూచోబెట్టింది వాళ్లని. అలాంటి అంతస్తు ఏ ప్రైవేటు పత్రికలో ఉందో చూపిస్తే నా పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాను. 1974లో, నాసర్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు సాదత్ విధానాన్ని విమర్శించి హైకల్ కుర్చీ పోగొట్టుకున్నాడు. మహఫూజ్ ఉండిపోయాడు, 1988లో నోబెల్ వార్త వచ్చేనాటికీ ఆయన అల్ అహ్రామ్ రచయితే.