బద్ధకం ఏ పని దగ్గర?

జపనీయులకు పని రాక్షసులన్న పేరుంది కాబట్టి, వాళ్ల భాష నిండా సోమరులను తిట్టే మాటలే ఉంటాయనుకుంటాం. రోజువారీ మాటలు చూస్తే లెక్క వేరు. వాటిలో చాలావరకు మనిషిని వదిలేసి, అతను ఏ పని దగ్గర చతికిలబడ్డాడో చెబుతాయి. 'బుషో' అంటే ఒళ్ళు వంచడానికి ఇష్టపడకపోవడం. దానికి ముందు రాతకుంచెను చేరిస్తే 'ఫుదెబుషో', ఉత్తరాలకు జవాబు రాయనివాడు. బయటికి వెళ్లడాన్ని చేరిస్తే 'దెబుషో', గడప దాటనివాడు. ఫ్యాక్టరీలో గొడ్డుచాకిరీ చేసేవాడు కూడా నిక్షేపంగా ఫుదెబుషో కావచ్చు. సెలవునాడు ఇంట్లో దొర్లడం 'గొరొగొరొ'. ఉరుముకూ, పిల్లి గురగురకూ అదే మాట. అందులో సిగ్గుపడాల్సిందేమీ పెద్దగా లేదు. 'దరదర' అలా కాదు. ధారగా కారే చెమటకూ, ఎంతకీ తెగని మీటింగుకూ వాడతారు దాన్ని. ఆగాల్సిన చోట ఆగలేదన్న విసుగు అందులో ఉంది.

ఎగ్గొట్టడాన్ని చెప్పే 'సబోరు' ఫ్రెంచి 'సబోటాజ్' నుంచి వచ్చింది. 1919లో కోబెలోని కవాసాకి ఓడల కర్మాగారం కార్మికులు పనిలోకి వచ్చి మరీ పనిచేయకుండా నిలబడి, ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. అలాంటి పోరాటాలతో వాడుకలోకొచ్చిన మాట, ఇవాళ కాలేజీ కుర్రాడు క్లాసు ఎగ్గొట్టడానికి దిగింది. నన్నడిగితే ఈ మాటలన్నిటిలో అన్యాయమైపోయింది ఇదొక్కటే.

ఇదంతా సాకులకు పేర్లు పెట్టుకోవడమేగా అనవచ్చు. కొంత నిజమే, ఫుదెబుషోనని ఒప్పుకున్నంత మాత్రాన జవాబు బాకీ తీరదు. కానీ మన 'పనిదొంగ' మనిషి మొత్తానికి ముద్ర వేస్తుంది, ఫుదెబుషో ఆ ఒక్క బాకీనే అడుగుతుంది. మరి సోమరిపోతు అని అర్థమున్న 'నమకెమొనొ' సంగతేమిటి? అది అచ్చమైన తిట్టే. చెట్టుకు వేలాడే స్లోత్‌కూ అదే పేరు. అకిత ప్రాంతంలోని ఓగాలో డిసెంబరు 31 రాత్రి నమహగెలు, అంటే రాక్షస ముసుగులు వేసుకున్నవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి సోమరిపోతులున్నారా అని గద్దిస్తారు. అయితే ఆ పేరుకు అక్కడివాళ్లు చెప్పే అర్థం చూడండి. చలికాలమంతా పొయ్యి దగ్గర కదలకుండా కూర్చుంటే చర్మం మీద ఎర్రటి మచ్చలు పడతాయి, వాటిని ఒలిచేవాడు నమహగె. ఆ పేరు లెక్కన ఆ రాక్షసుడికీ మనిషి స్వభావంతో పనిలేదు. ఒంటి మీద మచ్చ కనబడాలి.