కాటా ఎక్కాకే రింగు

బాక్సర్ నిఖత్ జరీన్ కెరీర్‌ను కిలోల్లో రాసుకుంటే ఇలా ఉంటుంది. 2019 డిసెంబర్ చివర్లో ఢిల్లీలో మేరీ కోమ్‌తో ట్రయల్స్ బౌట్ ఆడినప్పుడు 51. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి జిత్‌పోంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు 52. అదే ఏడాది ఆగస్టు 7న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు 50. 2023 మార్చిలో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ టైటిల్ కొట్టినప్పుడూ 50. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో ఓడి ఏడ్చిన రోజున కూడా 50. 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ స్వర్ణం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 51.

మన నిజామాబాద్ అమ్మాయి మాత్రం అదే అమ్మాయి. విశాఖపట్నం సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకున్న కాళ్ల కదలికా అదే. మారింది బరువు విభాగం. అలా మారిన ప్రతిసారీ ఆమె కొత్త ప్రత్యర్థులను చదువుకోవాలి, కొత్త తిండి లెక్క వేసుకోవాలి. పైనుంచి దిగొచ్చిన వాళ్ల చేతుల పొడవుకూ, కింది నుంచి ఎక్కొచ్చిన వాళ్ల వేగానికీ తన ఆటను సరిచూసుకోవాలి. మనం పేపర్లో పతకం రంగు చూసి పక్కన పెట్టేస్తాం. ఆ పతకం వెనక ఏ విభాగం ఉందో చూసేవాళ్లు తక్కువ.

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో ఉంటూ ఈ కాలమ్ రాస్తున్న నాకు ఈ విషయం ఎందుకంటే, ఇప్పుడు బస్తర్‌లో ఎటు చూసినా పిల్లలు ఆడుతున్నారు. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌కు ఏడు జిల్లాల నుంచి లక్షన్నరకు పైగా పేర్లు నమోదయ్యాయి. లొంగిపోయిన మావోయిస్టులు, మందుపాతరల్లో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా అందులో ఆడారు. అంతకు చాలా ముందే, 1976 నుంచీ డిమ్రాపాల్‌లోని మాతా రుక్మిణి ఆశ్రమంలో ధరంపాల్ సైనీ గారు ఆదివాసీ ఆడపిల్లలకు చదువుతో పాటు పరుగు నేర్పారు. కాబట్టి ఇక్కడ ఆట కొత్త కాదు. కొత్తగా వస్తున్నవి కాటా ఎక్కి ఆడే ఆటలు. కరాటే, వెయిట్‌లిఫ్టింగ్, అక్కడక్కడా బాక్సింగ్. వాటితో పాటే ఒక అలవాటు కూడా వస్తోంది. దాని గురించి చెప్పే ముందు ఈ కిలోల లెక్క ఎవరు వేస్తారో చెప్పాలి.

విభాగాలను పెట్టేది బాక్సర్లు కాదు, సమాఖ్యలు. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2012లో. అప్పుడు ఇచ్చినవి మూడంటే మూడు విభాగాలు: 51, 60, 75 కిలోలు. అప్పటికి మేరీ కోమ్ ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆ ఐదు టైటిళ్లూ 45, 46, 48 కిలోల్లో వచ్చినవి. లండన్‌లో ఆమెకు సరిపడే విభాగమే లేదు. ఆమె 51కి ఎక్కి, తనకంటే పొడుగ్గా ఉన్నవాళ్లతో ఆడి కాంస్యం తెచ్చింది. 2018లో ఢిల్లీలో ఆరో ప్రపంచ టైటిల్ గెలిచింది మళ్లీ తన సొంత 48లోనే. టోక్యో కోసం మళ్లీ 51కి ఎక్కింది.

2019 ట్రయల్స్‌ను మనం పాతతరం, కొత్తతరం పోరుగా చూశాం. నిఖత్ క్రీడా మంత్రికి లేఖ రాయడం, 9-1తో ఓడడం, మేరీ చేయి కలపకుండా వెళ్లిపోవడం, అంతా ఆ రోజుల్లో పెద్ద గొడవ. నాకు ఇప్పుడు కనిపించేది వేరు. 48లో ఉండాల్సిన మనిషి పైకి వచ్చింది. ఒలింపిక్స్‌లో ఉన్న తలుపు ఒక్కటే కాబట్టి ఇద్దరూ అక్కడ ఢీకొన్నారు. టోక్యోలో 48 కూడా ఉండి ఉంటే ఆ బౌట్ జరిగేదే కాదు.

తర్వాత అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య మహిళల విభాగాలను పన్నెండు చేసింది. 52 వచ్చింది, నిఖత్ అందులో ప్రపంచాన్ని గెలిచింది. కానీ పారిస్ ఒలింపిక్స్ జాబితాలో 52 లేదు. ఉన్నవి 50, 54. రెండు కిలోలు దిగాలా, రెండు కిలోలు ఎక్కాలా? ఆమె దిగింది. ఇస్తాంబుల్ స్వర్ణానికీ బర్మింగ్‌హామ్ స్వర్ణానికీ మధ్య మూడు నెలలు కూడా లేవు.

రెండు కిలోలే కదా అనిపిస్తుంది. పెళ్లి భోజనం తర్వాత మనలో చాలామంది అంత బరువుతోనే ఇంటికొస్తాం. కానీ ఏడాదంతా సాధన చేసే బాక్సర్ ఒంట్లో తీసేయడానికి కొవ్వు ఉండదు. చివరి రోజుల్లో పోయేది నీరు. ఉప్పు మానేస్తారు, అన్నం మానేస్తారు, ఆఖరికి నీళ్లు మానేస్తారు. మందపాటి జాకెట్ వేసుకుని తాడాట ఆడతారు, ఆవిరి గదిలో కూర్చుంటారు. శరీర బరువులో రెండు శాతం నీరు తగ్గితేనే ఆట దెబ్బతింటుందని క్రీడా వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. 50 కిలోల మనిషికి రెండు శాతమంటే ఒక్క కిలో.

ఇక్కడ ప్రొఫెషనల్ బాక్సింగ్‌కీ ఒలింపిక్ బాక్సింగ్‌కీ పెద్ద తేడా ఉంది. ప్రొఫెషనల్స్‌కు తూకం సాధారణంగా బౌట్‌కు ముందు రోజు. కాటా దిగాక ఒక పగలు, ఒక రాత్రి తిని తాగి కోలుకునే వీలుంటుంది. ఒలింపిక్స్‌లో బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే కాటా ఎక్కాలి. పారిస్‌లో జూలై 28న జర్మనీ అమ్మాయి మాక్సి క్లోట్జర్‌ను 5-0తో గెలిచిన నిఖత్, మళ్లీ ఆగస్టు 1 పొద్దున తూగాలి. ఆ మధ్య రోజుల్లో కడుపారా తినే స్వేచ్ఛ లేదు. సీడింగ్ కూడా లేకపోవడంతో రెండో బౌట్‌కే చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. 0-5. రెండు రోజులుగా తిండి లేదని, నీళ్లు కూడా తూకం అయ్యాకే తాగానని, కోలుకునే సమయం దొరకలేదని బౌట్ తర్వాత నిఖత్ చెప్పింది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ వూ యూ కూడా 52 నుంచి దిగొచ్చిన మనిషే. 2023లో ఢిల్లీలో నిఖత్ 50లో గెలిచిన అదే టోర్నీలో ఆమె 52 గెలిచింది. పారిస్‌లో 50 కిలోల స్వర్ణం ఆమెదే. కాబట్టి ఓటమినంతా కాటా మీదకు తోసేయలేం. వూ యూ ఆ రోజు బాగా ఆడింది, దూరం తన చేతిలో పెట్టుకుంది. బరువు దిగడం ఒక విద్య. దానికి నెలల ప్రణాళిక, పక్కన తిండి నిపుణులు, డాక్టర్, రక్త పరీక్షలు కావాలి. ఇద్దరూ పెద్దవాళ్లు, తెలిసి చేసిన నిర్ణయం. వారం తిరక్కుండానే ఆగస్టు 7న వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీ ఫైనల్ పొద్దున వంద గ్రాములు ఎక్కువ తూగింది. ఆమె అలవాటైన విభాగం 53. రాత్రంతా పరుగెత్తించి, జుట్టు కత్తిరించి చూసినా ఆ వంద గ్రాములు దిగలేదు. అంత మంది నిపుణులు చుట్టూ ఉన్నచోటే ఇలా జరిగితే, ఏ నిపుణుడూ లేని చోట సంగతి ఏమిటి?

ఎక్కడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పిల్లలకు చెప్పరు. ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ ఎనిమిది విభాగాల్లో టైటిళ్లు గెలిచాడని అందరికీ తెలుసు. ఆ ప్రయాణం ఎక్కడ మలుపు తిరిగిందో నాకు ముఖ్యం. 1998లో అతను 112 పౌండ్ల విభాగంలో, అంటే దాదాపు 51 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. మరుసటి ఏడాది థాయ్‌లాండ్‌లో ఆ బరువుకు దిగలేకపోయాడు. బెల్టు కాటా మీదే పోయింది. ఎండిపోయిన ఒంటితో రింగులోకి వెళ్లి మూడో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. ఆ తర్వాత అతను చేసిన పని, దిగడం మానేసి ఏకంగా 122 పౌండ్ల విభాగానికి ఎక్కడం. 2001లో అక్కడ టైటిల్ గెలిచాడు. 2010లో 154 పౌండ్ల టైటిల్ కోసం మార్గరీటోతో ఆడినప్పుడు తూకంలో 145 పౌండ్లు కూడా లేడు. ఆకలి లేకుండా, కాళ్లలో బలంతో, తన వేగాన్ని పెద్దవాళ్ల మధ్యకు తీసుకెళ్లాడు. బాక్సింగ్‌లో విభాగం మారడమంటే నా దృష్టిలో ఇదే గొప్ప పద్ధతి. మేరీ కోమ్ లండన్‌లో చేసిందీ ఇదే.

ఇప్పుడు బస్తర్ అలవాటు దగ్గరికి వస్తాను. ఆ మధ్య ఒక పోటీల పొద్దున తూకం చూడటానికి వెళ్లాను. వరండాలో కాటా, పక్కన బల్ల మీద రిజిస్టరు. కొంటా వైపు నుంచి వచ్చిన ఒక దోర్లా ఆదివాసీ అమ్మాయి 48 కిలోలకు పేరిచ్చింది. కాటా 48.6 చూపించింది. చెవులకున్న కమ్మలు తీసింది, కాళ్ల పట్టీలు తీసింది, జడకున్న పిన్నులు ఒక్కొక్కటే తీసి స్నేహితురాలి చేతిలో పెట్టింది. 48.5. అప్పుడు స్వెటర్ తొడుక్కుని మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. మధ్యలో ఆగి ఉమ్మడం, మళ్లీ పరుగు. పెదాలు తెల్లగా పొరలు కట్టాయి. కొంటా పిల్లలకు తెలుగు వస్తుంది కాబట్టి దగ్గరికి వెళ్లి అడిగాను, "ఏం తిన్నావమ్మా?" అని.

"నిన్న పొద్దున జావ తాగిన, సారూ. మళ్ల ఏం తినలే. నీళ్లు తాగొద్దన్నరు."

"యాభైలో ఆడొచ్చు కదా?"

"యాభైల పెద్దోళ్లుంటరు. నలభై ఎనిమిదిల అయితే మెడల్ వస్తదంట."

ఆమె ఎత్తు చూశాను. మణికట్టు ఎముక చూశాను. ఇంకా పెరుగుతున్న ఒళ్లు. రెండేళ్లలో 52కో 54కో వెళ్లాల్సిన పిల్ల అది. ఆమెను 48లోకి కుక్కుతున్నారు. ఆమె చివరికి తూకం దాటింది. మధ్యాహ్నం బౌట్‌లో మొదటి రౌండ్ బాగానే జాబ్ వేసింది. రెండో రౌండ్ సగంలో గార్డ్ కిందికి జారిపోయింది. చేతులు పైకి లేవడం లేదు. ప్రత్యర్థి పంచ్‌లకు తల వెనక్కి వెనక్కి కొట్టుకుంటోంది. నీరు తగ్గిన ఒంటితో తలకు దెబ్బలు తినడం పెద్దవాళ్లకే ప్రమాదమని డాక్టర్లు హెచ్చరిస్తారు. రిఫరీ మంచివాడు, త్వరగానే ఆపాడు.

ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క. తిండి చాలక ఎదుగుదల ఆగిన పిల్లలున్న నేల ఇది. ఇక్కడ ఒక పిల్ల రాగి జావ, అన్నం, పప్పు తిని నాలుగు కిలోలు పెరిగిందంటే ఊరంతా సంతోషించాలి. అలాంటి చోట ఆటే ఆ పిల్లను పస్తు పడుకోబెడితే, ఆట వల్ల మనం సాధించేది ఏమిటి? జిల్లా పోటీలో ఒక ప్లాస్టిక్ కప్పా?

నేర్పేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. చాలామంది జీతం లేకుండానే నేర్పుతున్నారు. వాళ్లూ పస్తులుండి ఆడినవాళ్లే, తమకు నేర్పినదే నేర్పుతున్నారు. అమెరికాలో కూడా 1997 వరకూ అలాగే ఉండేది. ఆ ఏడాది చివర్లో దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆవిరి గదులను, రబ్బరు సూట్లను నిషేధించారు. సీజన్ మొదట్లోనే ఒంట్లో నీరు, కొవ్వు కొలిచి, ఇంతకంటే కింది విభాగంలో ఆడకూడదని ప్రతి ఒక్కరికీ గీత గీశారు. ముగ్గురు పోయాక పెట్టిన ఆ నియమాన్ని మనం ఎవరూ పోకముందే పెట్టుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

నిఖత్ ఇప్పుడు 51లో ఉంది. 2025లో వరల్డ్ బాక్సింగ్ అనే సమాఖ్య చేతిలో విభాగాలు మళ్లీ మారాయి, 50, 52 రెండూ పోయాయి. సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో టర్కీకి చెందిన బుసె నాజ్ చకిరోలు చేతిలో క్వార్టర్స్‌లో ఓడినా, నవంబర్‌లో స్వర్ణంతో తేరుకుంది. ఒక్క కిలో వెసులుబాటు ఆమెకు ఎంత ఊరటో పారిస్ చూసినవాళ్లకు అర్థమవుతుంది.

బస్తర్‌లో పిల్లలకు నేర్పుతున్న మాస్టర్లకు, హాస్టల్ వార్డెన్లకు నా విన్నపం ఒక్కటే. పోటీకి పేర్లు పంపే ముందు నెల రోజుల పాటు పిల్లల్ని పొద్దున్నే తూచి నోటుపుస్తకంలో రాయండి. మామూలుగా తింటూ ఆ పిల్ల ఎంత తూగుతుందో ఆ విభాగంలోనే పేరివ్వండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను నీళ్లు మాన్పించి కాటా ఎక్కించకండి. తూకం రోజు పొద్దున పెదాలు ఎండి కనిపించిన పిల్లను, పతకం వచ్చేలా ఉన్నా సరే, ఆ రోజు రింగులోకి దింపకండి.