ఎప్పుడూ కలిసి పూయని పూలు

హయసింత్ వసంతం మొదట్లో పూస్తుంది. గులాబీలు విరగబూసేనాటికి దాని కాడలు నేలకు ఒరిగిపోయి ఉంటాయి. ద్రాక్ష పండాలంటే వేసవి దాటాలి. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో ఈ మూడింటినీ ఒకే ఉదయం కోసి తేవడం ఏ తోటమాలి వల్లా అయ్యే పని కాదు. అయినా ఆ కాలపు పూల చిత్రాల్లో ఇలాంటివన్నీ ఒకే బల్ల మీద, ఒకే వెలుతురులో, అప్పుడే కోసి పెట్టినట్టు కనిపిస్తాయి. ఆ గుచ్ఛం ఏనాడూ ఏ కూజాలోనూ లేదు. గీసినవాళ్లు నెలల తరబడి ఒక్కో పువ్వును విడిగా చూసి, గుర్తుపెట్టుకుని, కాన్వాసు మీద మొదటిసారి కలిపారు. పూల చిత్రమంటే గోడకు అందమే తప్ప అందులో ఆలోచన ఏముంది అనేవాళ్లతో నాకున్న పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ఆ పేచీలో నా సాక్షి ఫ్రెంచి చిత్రకారిణి ఆన్ వలాయే-కోస్తేర్. 1744లో పుట్టింది. తండ్రి కంసాలి, ఫ్రెంచి రాజుగారి తివాచీలు, తెరలు నేసే గోబెలాన్ కార్ఖానాలో పనిచేసేవాడు. వెండి మీద వెలుతురు ఎలా జారుతుందో, రంగు దారాల్లో ఒక ఛాయ ఇంకో ఛాయలోకి ఎలా ఒదుగుతుందో చూస్తూ పెరిగిన పిల్ల. కుంచె పట్టడం నేర్పినవాళ్లలో ఒకరు మదలీన్ బాస్‌పోర్త్. పారిస్‌లోని రాజోద్యానంలో మొక్కలను చిత్రించే అధికారిక పదవి ఆమెది. అక్కడ పూలను దూడ చర్మంతో తయారుచేసిన వెల్లం మీద నీటిరంగులతో వేసేవారు. పువ్వుకి రేకులెన్ని, కాడ మీద నూగు ఉందా లేదా, ఆకు అంచు రంపంలా ఉందా నున్నగా ఉందా అన్నది అక్కడ అందానికి సంబంధించిన విషయం కాదు, శాస్త్రానికి సంబంధించినది. తప్పు వేస్తే మొక్కే మారిపోతుంది. నికొలా రొబేర్ పదిహేడో శతాబ్దంలో మొదలుపెట్టిన ఆ వెల్లం చిత్రాల పరంపర ఇప్పటికీ పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది.

రెండో గురువు జోసెఫ్ వెర్నే. ఆయన సముద్రాలను, రేవులను, తుపానులను చిత్రించిన మనిషి. పూలు వేసే అమ్మాయికి సముద్రం వేసే గురువు ఎందుకని అనిపించవచ్చు. నాకు మాత్రం ఆమె బొమ్మల్లోని అసలు బలం అక్కడి నుంచే వచ్చిందనిపిస్తుంది. మొక్కల పటంలో ప్రతి రేకూ సమానంగా, స్పష్టంగా కనబడాలి. చిత్రంలో అలా కుదరదు. ముందున్న గులాబీ వెలుగులో నిలవాలి, వెనకున్న పువ్వు గాలిలో కరగాలి, రెంటి మధ్యా చోటు ఉందని కన్ను నమ్మాలి. ఏది దాచాలో తెలియనివాళ్లు ఎన్ని పూలు వేసినా అవి కాగితానికి అతికించినట్టే ఉంటాయి.

ఆ పనితనం ఎలాంటిదో ఒక్క గులాబీని తీసుకుని చూద్దాం. అవిసె నూనెలో కలిపిన రంగు నెమ్మదిగా ఆరుతుంది. ఒక పూత ఆరేలోపే పువ్వు వాడిపోతుంది. కాబట్టి ఎదురుగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వేసే వీలు లేదు. ముందు రేకులను మరిచిపోయి, మొత్తం పువ్వును ఒక గుండ్రటి ముద్దగా, మధ్యస్థమైన ఛాయలో పెడతారు. వెలుతురు తగిలే వైపు ఏది, నీడ ఏది అన్నది అప్పుడే తేలిపోవాలి. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత చెక్కినా ఆ గులాబీ పూయదు. ఆ తర్వాతే రేకుల అంచులు విడదీస్తారు. అది ఆరాక, కొచినీల్ పురుగు నుంచో మంజిష్ఠ జాతి వేరు నుంచో తీసిన ఎరుపును నూనెలో పలుచగా కలిపి పైన పారదర్శకంగా పూస్తారు. వెలుతురు ఆ ఎరుపు గుండా లోపలికి పోయి, అడుగున ఉన్న లేత రంగును తాకి తిరిగి వస్తుంది. రేకు లోపలి నుంచి వెలుగుతున్నట్టు మనకు అనిపించేది అందుకే. ఎరుపులో తెలుపు కలిపి ఒకేసారి పూస్తే గులాబీరంగు వస్తుంది గానీ ఆ లోవెలుగు రాదు. చివరగా సీసపు తెలుపు చిక్కగా, అంచుల మీద, చాలా కొద్దిచోట్ల.

ఈ ఓపిక ఎంతదాకా పోగలదో చెప్పడానికి డచ్చి చిత్రకారుడు యాన్ ఫాన్ హౌసమ్ ఒక్కడు చాలు. పసుపు గులాబీ పూసేదాకా బొమ్మ పూర్తికాదని 1742లో కొనుగోలుదారుకు జాబు రాశాడు. ఆయన చిత్రాలు కొన్నింటి మీద రెండు సంవత్సరాల తేదీలు కనిపిస్తాయి. ఫ్రెంచివాళ్లు ఆ డచ్చి శ్రద్ధను తీసుకుని, దానికి రాజభవనపు ఠీవిని జోడించారు. పద్నాలుగో లూయీ కాలంలో మొనోయే చిత్రించిన నిండైన పూల కూజాలు వెర్సాయ్ గదుల్లో తలుపుల పైభాగాలను అలంకరించాయి. వలాయే-కోస్తేర్ ఆ ఠీవిని కాస్త తగ్గించి, పూలకు ఊపిరాడే చోటు ఇచ్చింది. వెనక ఏమీ లేని మట్టిరంగు, ముందు రాతిపలక, పక్కన పండ్లు. డాలస్ మ్యూజియంలో ఉన్న 1776 నాటి చిత్రంలో టెరకోట కూజా, పీచ్ పండ్లు, ద్రాక్ష ఉంటాయి. ద్రాక్ష మీది బూడిద, పీచ్ మీది నూగు, మట్టికూజా గరుకుదనం, రేకు మెత్తదనం: ఈ నాలుగింటినీ వేలితో తాకకుండానే వేరుచేసి చెప్పగలం. కంసాలి కూతురి కన్ను అది.

అయినా ఆ రోజుల్లో ఈ కళకు దక్కిన పీట చిన్నది. 1667లో కళా సిద్ధాంతకర్త ఫెలిబియన్ రాసిన వరుసలో పురాణ, చారిత్రక చిత్రాలు పైన. పూలు, పండ్లు, పాత్రలు అన్నిటికంటే అడుగున. పైమెట్టు ఎక్కాలంటే మానవ శరీరాన్ని నగ్నంగా చూసి గీయడం నేర్వాలి. ఆ తరగతిలోకి స్త్రీలను రానిచ్చేవారు కాదు. ముందు తలుపు మూసి, లోపలికి రాలేదేమని తక్కువ చేయడం అంటే ఇదే. 1770 జూలైలో ఫ్రాన్సు చిత్ర, శిల్పకళల రాయల్ అకాడమీ వలాయే-కోస్తేర్‌ను ఏకగ్రీవంగా చేర్చుకుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ప్రవేశానికి ఇచ్చిన రెండు చిత్రాల్లో ఒకటి సంగీత వాద్యాలు, రెండోది చిత్ర, శిల్ప, వాస్తు కళల పరికరాలు. రెండూ ఇవాళ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. మెచ్చుకున్న అదే అకాడమీ మహిళా సభ్యులు నలుగురికి మించకూడదన్న హద్దునూ పెట్టుకుంది.

రాణి మరీ ఆంత్వానెత్ ఆదరణ వల్ల ఆమెకు అప్పట్లో రాజభవనమైన లూవ్ర్‌లో నివాసం దొరికింది. 1781లో న్యాయవాది కోస్తేర్‌తో పెళ్లి ఒప్పందం మీద రాణి సాక్షిగా సంతకం చేసింది. ఈ రాచరికపు కథే ఎక్కువగా చెప్పుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది వేరే: ఆమె మనుషుల రూపచిత్రాలు కూడా వేసింది, అవి విమర్శకులను అంతగా ఆకట్టుకోలేదు. పూలలో ఆమెకున్న అధికారం ఎవరి దయా కాదు. పోషించిన రాణిని ఫ్రెంచి విప్లవం బలి తీసుకుంది, 1793లో అకాడమీయే రద్దయింది. ఆమె మాత్రం గీస్తూనే ఉంది.

ఆ కాలపు పూల చిత్రాలను చూసేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మొక్కల నుంచి తీసిన పసుపులు వెలుతురుకు వెలిసిపోతాయి. పసుపును నీలం మీద పూసి పచ్చదనం తెప్పించిన ఆకులు, పసుపు పోయాక నీలంగా మిగులుతాయి. లేత ఎరుపులూ పాలిపోతాయి. కొన్ని పాత బొమ్మల్లో ఆకులు వింతైన నీలిరంగులో కనిపించేది చిత్రకారుల తప్పు కాదు, కాలం చేసిన పని. ఇక ఆమె సంగతికొస్తే, 1817లో, డెబ్బై రెండేళ్ల వయసులో, వలాయే-కోస్తేర్ చివరిసారి సలోన్ ప్రదర్శనలో పాల్గొంది. అక్కడ పెట్టిన పెద్ద స్టిల్ లైఫ్‌లో ఒక ఎర్రటి లాబ్‌స్టర్ (సముద్రపు పెద్ద రొయ్య) ఉంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆమె పారిస్‌లో కన్నుమూసింది.