ఎవరి బెంచీ ఎక్కడ

ఇంగ్లండు పల్లెల్లో తాతముత్తాతల ఆనవాళ్లు వెతికేవాళ్లకు మొదటి దిక్కు చర్చి రిజిస్టరు. ప్రతి ప్యారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వారం వారం పుస్తకానికి ఎక్కించాలని, ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలని రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటి పుస్తకాలు అన్ని ఊళ్లలోనూ మిగల్లేదు. మిగిలిన చోట మాత్రం జమీందారుకే కాదు, గొర్రెల కాపరికి కూడా నాలుగు వందల ఏళ్ల వెనకటి పూర్వీకుడు దొరికే అవకాశం ఉంది. ఈ పని మీద నాకు ప్రేమ పుట్టింది అందుకే.

దొరికేది పేరూ తేదీ, అంతే. ఆ తేదీనైనా ఆచితూచి చదవాలి. 1752కి ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1700 డిసెంబరులో పెళ్లి, 1700 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని ఉంటే బిడ్డ ముందు, పెళ్లి తర్వాత అని కాదు. పెళ్లయిన రెండు నెలలకే బిడ్డను చర్చికి తెచ్చారని. కడుపుతో పెళ్లాడడం ఆ రోజుల్లో అరుదేమీ కాదు.

1754 నుంచి పెళ్లి పుస్తకంలో దంపతులు, సాక్షులు సంతకాలు పెట్టాల్సి వచ్చింది. రాయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టారు. ఆ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ఒక గీత సన్నగా మొదలై, చివర కలం నొక్కేసరికి సిరా ముద్దకట్టి ఉంటుంది. రెండో గీత దాన్ని మధ్యలో కాక ఓ అంచున దాటుతుంది. కింద భార్య పేరు మాత్రం గుండ్రటి అక్షరాల్లో పూర్తిగా ఉంటుంది. నాగలి పట్టిన ఆ చెయ్యి కలం పట్టింది బహుశా ఆ ఒక్క రోజే.

ఆ మనిషి ఎలా బతికాడో తెలియాలంటే పేదల పద్దులు తిరగెయ్యాలి. అప్పట్లో పేదవాణ్ని పోషించే భారం అతని సొంత ప్యారిష్‌ది. మరి సొంతది ఏది? పెళ్లికానివాడు ఒక రైతు దగ్గర నిండా ఏడాది జీతానికి ఉంటే ఆ ఊరివాడైపోయేవాడు. అందుకే కొందరు రైతులు 51 వారాలకే కుదుర్చుకునేవారు. పని పోయి సాయం అడిగితే మేజిస్ట్రేట్లు పిలిపించి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర చేశావు, జీతమెంత అని అడిగి రాయించేవారు. ఊరు ఖర్చు తప్పించుకోవడానికి రాయించిన ఆ కాగితమే ఇవాళ ఒక కూలీ నోట వెలువడిన జీవితచరిత్ర. పెళ్లికాని గర్భిణిని కాన్పుకు ముందే పొలిమేర దాటించిన ఉత్తర్వులూ ఆ కట్టల్లోనే కనిపిస్తాయి. వాటిని చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఈ దారిలో నాకు గురువు రిచర్డ్ గాఫ్. ష్రాప్‌షైర్‌లోని మిడిల్ ప్యారిష్‌లో 1635లో పుట్టిన రైతు. అరవై దాటాక, 1701లో, తన ఊరి కుటుంబాల కథ రాయడానికి చర్చిలోని బెంచీల వరుసనే దారిగా పెట్టుకున్నాడు. బెంచీ మీద హక్కు మనిషిది కాదు, ఇంటిది, పొలానిది. ముందు కలిగినవాళ్లు, వెనక గుడిసెలవాళ్లు. ఒక్కో బెంచీ దగ్గర ఆగి, అక్కడ తరతరాలుగా కూర్చున్నవాళ్ల సంగతులు చెప్పుకొస్తాడు. ఎవరు తాగి ఆస్తి తగలేశారు, ఎవరి కూతురు ఎవరిని కట్టుకుంది, అన్నీ. కంచెల కర్రలు ఎత్తుకెళ్లే ఒకడిని పట్టుకోవాలని ఎవరో ఎండుకర్రకు తొర్ర పెట్టి తుపాకిమందు కూరారట. దొంగ ఇంట్లో రొట్టెల పొయ్యి కప్పు ఎగిరిపోయింది! రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధానికి మూడు పల్లెల నుంచి 20 మంది వెళ్తే 13 మంది చనిపోయారని లెక్క చెప్పిందీ ఆయనే.

గాఫ్ తన వంశం ఒక్కటే రాసుకుని ఊరుకోలేదు. ఇంటిపేరును కంప్యూటరు సూచికలో వెతికి, దొరకగానే ఆపేసేవాళ్లతో నా పేచీ ఇక్కడే. ఆ పేరున్న పేజీ మొత్తం చదవండి. చర్చికి కట్టే దశమభాగం పన్నును డబ్బు రూపంలోకి మార్చిన 1836 చట్టం తర్వాత గీసిన పటాలు, వాటి జాబితాలు చూడండి. ఏ చెక్క ఎవరు సాగుచేశారో, ఆ చెక్కను ఏమని పిలిచేవారో ఉంటుంది. పెళ్లికి సాక్షి సంతకం చేసినవాడు గట్టు అవతలి రైతే కావచ్చు. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన ప్యారిష్ కూడా రాశారు. మీరు వెతుకుతున్న మనిషి అసలు ఈ ఊరివాడే కాదని అక్కడ తేలవచ్చు. అప్పుడు ఆ ప్యారిష్ పుస్తకాలు మొదటి నుంచి చదవాల్సిందే.